ఎప్పుడూ కలవని మనిషి పోయినప్పుడు

"నువ్వాయన్ని ఎప్పుడైనా కలిశావా? నువ్వెవరో ఆయనకి తెలుసా? మరెందుకు ఆ ఏడుపు?" ఒక గాయకుడో, ఆటగాడో, నటుడో పోయిన రోజున కళ్లు తుడుచుకునే వాళ్లందరికీ ఎక్కడో ఒకచోట ఈ ప్రశ్న తగులుతుంది. అడిగేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. వాళ్ల లెక్కలో దుఃఖానికి ఒక అర్హత ఉండాలి: రక్తసంబంధమో, స్నేహమో, కనీసం ముఖపరిచయమో. అవేవీ లేకుండా వచ్చే కన్నీళ్లు వాళ్లకి అతిగా కనిపిస్తాయి. నాకు ఈ లెక్క ఒప్పుకోబుద్ధి కాదు. ఆ దుఃఖం నిజమైనదే, దానికి ఎవరి దగ్గరా సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. కానీ అంతే గట్టిగా ఇంకో మాట కూడా అనాలి, అది అభిమానులకి అంతగా నచ్చదు. మన దుఃఖం ఎంత నిజమైనా, చనిపోయిన మనిషి మీద గానీ ఆ కుటుంబం మీద గానీ మనకి ఏ హక్కూ రాదు. మొదటి మాట ఒప్పుకున్నవాళ్లు రెండోది మర్చిపోతారు, రెండోది పట్టుకున్నవాళ్లు మొదటిదాన్ని కొట్టిపారేస్తారు. నేను రెండూ కలిపే చెప్పాలనుకుంటున్నాను.

1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు రేడియో, టీవీ గురించి రాస్తూ ఈ బంధాన్ని మొదటిసారి శ్రద్ధగా పట్టించుకున్నారు. తెర మీద మనిషి మనవైపే చూసి మాట్లాడుతుంటాడు, మనం ఇంట్లో కూర్చుని మనసులోనే జవాబు చెప్పుకుంటాం, ఇది రోజూ జరిగేసరికి అతను మనకి బాగా తెలిసినవాడైపోతాడు, అతనికి మాత్రం మనం ఎప్పటికీ తెలియం. వాళ్లు దీన్ని దూరం నుంచి కుదిరిన దగ్గరితనంగా చూశారు. ఇప్పుడు చాలామంది దీన్ని ఒక జబ్బులా మాట్లాడుతున్నారు, అదే నాకు నచ్చనిది. ఒకవైపు నుంచే ఉన్నంత మాత్రాన ఒక బంధం అబద్ధం అయిపోదు.

ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు 2020 సెప్టెంబర్ 25న పోయారు. ఆగస్టులో కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరిన దగ్గర్నుంచి ఆ వారాలన్నీ హెల్త్ బులెటిన్ కోసం ఎంతమంది టెన్షన్‌తో ఎదురుచూశారో మీకు గుర్తుండే ఉంటుంది, వాళ్లలో నేనూ ఉన్నాను. వార్త వచ్చినప్పుడు నాకు కలిగింది ఎవరో పెద్దమనిషి పోయారన్న జాలి కాదు. రాత్రి ప్రయాణాల్లో, పరీక్షల ముందు, ఎవరితోనూ మాట్లాడాలనిపించని రోజుల్లో నాతో ఉన్న గొంతు అది. నా బంధువుల్లో చాలామంది గొంతు నేను అంతసేపు విని ఉండను. ఆయన ఎక్కడ ఊపిరి తీసుకుంటారో, ఏ పదం దగ్గర నవ్వు కలుపుతారో, పైస్థాయికి వెళ్లేముందు ఎక్కడ కాస్త ఆగుతారో నాకు తెలుసు. ఇన్ని తెలిసిన మనిషిని పట్టుకుని నాకు తెలియని మనిషి అనడం ఎలా కుదురుతుంది? ఆయనకి నేను తెలియకపోవడం వల్ల నా వైపు లోటు ఏమీ తగ్గలేదు.

ఇక్కడ కొందరు తెలివైనవాళ్లు ఇంకో వివరణ తెస్తారు. "నువ్వు ఏడుస్తున్నది ఆయన కోసం కాదు, నీ బాల్యం కోసం, ఆ పాటతో, ఆ ఆటతో ముడిపడ్డ నీ రోజుల కోసం." వినడానికి లోతుగా ఉంటుంది. సగం నిజం కూడా. 2022 మార్చి 4న థాయ్‌లాండ్‌లో షేన్ వార్న్ 52 ఏళ్లకే పోయాడని విన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది వార్న్ వేసిన ఏ బంతో కాదు, ఆ మ్యాచులు పక్కపక్కన కూర్చుని చూసిన మనుషులు. ఇంతవరకూ ఒప్పుకుంటాను. కానీ ఈ వివరణని పూర్తిగా ఒప్పుకుంటే చనిపోయినవాడు ఒక సాకు అయిపోతాడు, మనం ఎప్పుడూ మన కోసమే ఏడుస్తామని తేలుతుంది. అది తప్పు. ఎందుకు తప్పో ఆస్ట్రేలియా బ్యాటర్ ఫిలిప్ హ్యూస్ విషయంలో నాకు అర్థమైంది.

హ్యూస్ ఆట నేను పెద్దగా చూడలేదు. 2009లో డర్బన్ టెస్టులో ఇరవై ఏళ్ల కుర్రాడు రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు కొట్టాడని తెలుసు, తర్వాత జట్టులోకి వస్తూ పోతూ ఉన్నాడని తెలుసు, అంతే. అతనితో ముడిపడ్డ జ్ఞాపకం నాకు ఒక్కటీ లేదు. 2014 నవంబర్ 25న సిడ్నీ మైదానంలో షెఫీల్డ్ షీల్డ్ మ్యాచ్‌లో 63 పరుగుల మీద ఆడుతూ ఒక బౌన్సర్‌ని పుల్ చెయ్యబోయాడు, బంతి హెల్మెట్ కింద మెడ పక్కన తగిలింది. కొన్ని క్షణాలు నిలబడి, ముందుకి కూలిపోయాడు. మళ్లీ స్పృహ రాలేదు. 27న చనిపోయాడు. ఇరవై ఆరో పుట్టినరోజుకి ఇంకా మూడు రోజులుంది.

ఆ రోజు నాకు కలిగిన బాధలో నా బాల్యం ఎక్కడా లేదు. అప్పటిదాకా హాయిగా ఆడుతున్న ఒక కుర్రాడు ఉన్నట్టుండి లేకుండాపోవడం ఉంది, మళ్లీ జట్టులో చోటు దొరికేలా ఉన్న సమయంలో పోవడం ఉంది. ఆ బాధ పూర్తిగా అతని కోసమే. ప్రపంచమంతా అలాగే అనుకుని ఉండాలి. ఆస్ట్రేలియాలో ఒకాయన తన ఇంటి గుమ్మం బయట బ్యాట్ పెట్టి ఫొటో పంచుకున్నాడు, అది చూసి దేశదేశాల్లో జనం, క్రికెట్‌తో సంబంధం లేని వాళ్లు కూడా, తలుపుల దగ్గర బ్యాట్లు ఆనించారు. స్కోరుకార్డులో "రిటైర్డ్ హర్ట్" అని ఉన్నదాన్ని "63 నాటౌట్"గా మార్చారు. ఇండియాతో అడిలైడ్ టెస్టులో మైదానం మీద 408 అని రాశారు, అది అతని టెస్ట్ క్యాప్ నంబరు. స్టీవ్ స్మిత్ సెంచరీ కొట్టి ఆ అంకె దగ్గరికి నడిచి వెళ్లి బ్యాట్ పైకెత్తాడు. ఇవన్నీ అభిమానం చేసిన పనులే, కానీ వీటిలో ఎక్కడా "మేము" అన్న గోల లేదు, అంతా అతని గురించే. నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించింది ఇంకోటి. ఆ బంతి వేసిన షాన్ ఆబట్ అప్పటికి 22 ఏళ్ల కుర్రాడు. అతన్ని ఎవరూ వేలెత్తి చూపలేదని అనను, అందరి సంగతీ మనకి తెలియదు. కానీ ఆటగాళ్లూ మాజీలూ అభిమానులూ కలిసి, ఆ కుర్రాడి తప్పేమీ లేదని, అతన్ని చూసుకోవాలని ఒక్క గొంతుతో అన్నారు. దుఃఖం ఎవరి మీదికి మళ్లాలా అని వెతుక్కునే సమయంలో దాన్ని అలా ఆపగలగడం చిన్న విషయం కాదు.

సరే, ఇంకో అభ్యంతరం. రోజూ ఎంతోమంది పోతుంటారు, వాళ్లకి లేని కన్నీళ్లు ఈ ఒక్కడికెందుకు అంటారు. దీనికి సమాధానం చెప్పడం కష్టం, ఎందుకంటే అందులో న్యాయం ఉంది.

1994లో ఇటలీలోని ఇమోలాలో జరిగిన ఫార్ములా వన్ కారు రేసుని అందరూ బ్రెజిల్ డ్రైవర్ ఐర్టన్ సెన్నా పోయిన రేసుగా గుర్తుంచుకుంటారు. మే 1, ఆదివారం. బ్రెజిల్‌లో మూడు రోజుల జాతీయ సంతాపం ప్రకటించారు, సావో పాలో వీధులన్నీ జనంతో నిండిపోయాయి. అంతకు ముందు రోజు, శనివారం క్వాలిఫైయింగ్‌లో, అదే ట్రాక్ మీద రోలాండ్ రాట్జెన్‌బర్గర్ అనే ఆస్ట్రియా డ్రైవర్ చనిపోయాడు. ఆ సీజన్‌లోనే ఫార్ములా వన్‌లోకి వచ్చాడు, చిన్న జట్టు, ఎవరికీ పెద్దగా తెలియని పేరు. సెన్నా అంత్యక్రియలకి ఆ రంగంలో పెద్దలు చాలామంది వెళ్లారు. ఈ రేసుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్ఐఏకి అప్పటి అధ్యక్షుడు మాక్స్ మోస్లీ మాత్రం రాట్జెన్‌బర్గర్ అంత్యక్రియలకి వెళ్లాడు, అందరూ అటు వెళ్తున్నారు కాబట్టి ఎవరో ఒకరు ఇటు రావాలి అనే కారణంతో.

ఇది చెప్పి సెన్నా అభిమానుల్ని సిగ్గుపడమనేవాళ్లు ఉంటారు. కానీ సెన్నా సంగతి చూడండి. శనివారం ఆ ప్రమాదం తర్వాత సెన్నా ఏడ్చాడని రేసు డాక్టరు సిడ్ వాట్కిన్స్ చెప్పాడు. ఆదివారం సెన్నా నడిపిన కారు లోపల మడిచి పెట్టిన ఆస్ట్రియా జెండా ఒకటి దొరికింది. రేసు గెలిస్తే రాట్జెన్‌బర్గర్ గౌరవార్థం ఊపడానికి దాచుకున్నాడట. అంటే మనం ఎవరి కోసం ఎక్కువ ఏడ్చామో అతను మనం మర్చిపోయిన మనిషి కోసం ఏడ్చాడు. సెన్నా మీద ప్రేమ ఉన్నవాళ్లు ఆ ప్రేమ వెంటే వెళ్తే చేరేది రాట్జెన్‌బర్గర్ దగ్గరికే. నేను ఆ పేరు తెలుసుకున్నది సెన్నా వల్లే, ఇంకోలా నాకు తెలిసే అవకాశమే లేదు. ఒకరికి తక్కువ ఏడిస్తే ఇంకొకరికి ఎక్కువ మిగులుతుందన్న లెక్క దుఃఖం విషయంలో పనిచెయ్యదు. అమెరికన్ బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్ కోసం కాస్త తక్కువ బాధపడి ఉంటే అదే హెలికాప్టర్‌లో ఉన్న మిగతావాళ్ల పేర్లు మనకి గుర్తుండేవా? ఉండేవి కావు. 2020 జనవరి 26న లాస్ ఏంజిలిస్ దగ్గర కలబాసస్ కొండల్లో కూలిన ఆ హెలికాప్టర్‌లో తొమ్మిదిమంది ఉన్నారు. కోబీ, 13 ఏళ్ల కూతురు జియానా, ఆ పాప జట్టులోనే ఆడే ఇద్దరు అమ్మాయిలు, వాళ్ల ఇళ్లవాళ్లు, ఒక కోచ్, పైలట్. ఒక్కరూ మిగల్లేదు.

కోబీ పేరు ఎత్తాక ఇంకో సంగతి దాటిపోకూడదు. 2003లో కొలరాడోలో ఒక యువతి అతని మీద అత్యాచారం ఆరోపణ చేసింది. ఆమె కోర్టులో సాక్ష్యం చెప్పడానికి ఇష్టపడకపోవడంతో 2004లో క్రిమినల్ కేసు కొట్టేశారు, సివిల్ దావా తర్వాత రాజీతో ముగిసింది. అతను పోయిన రోజున ఒక అమెరికన్ పత్రిక విలేకరి ఆ పాత కథనం లింకు పంచుకుంటే బెదిరింపులు వచ్చాయి, పత్రిక ఆమెని సెలవు మీద పంపి, విమర్శలు వచ్చాక తిరిగి తీసుకుంది. ఆ రోజే అది గుర్తు చెయ్యాలా అంటే నా దగ్గర తేలిక సమాధానం లేదు. కానీ ఒకటి మాత్రం నాకు స్పష్టం. అతని ఆట చూసి పెరిగిన పిల్లాడి ఏడుపూ నిజమే, ఆ వారం రోజులూ ఎటు చూసినా అతని మీద పొగడ్తలే వింటూ గడపాల్సి వచ్చిన ఆ యువతి బాధా నిజమే. మొదటిదాన్ని కాపాడటానికి రెండోదాన్ని నోరు మూయించాల్సిన పని లేదు. చనిపోయినవాణ్ణి దేవుణ్ణి చేస్తే తప్ప ఏడవలేమంటే, మనం అప్పటిదాకా ప్రేమించింది మనిషిని కాదన్నమాట.

ఇక హక్కు సంగతికి వస్తాను. నా కోపమంతా ఇక్కడే.

కోబీ హెలికాప్టర్ కూలిన చోటికి వెళ్లిన కొందరు అధికారులు మృతదేహాల ఫొటోలు తీసి, పని లేనివాళ్లకి కూడా చూపించారు. కోబీ భార్య వెనెసా కోర్టుకెక్కింది. 2022 ఆగస్టులో జ్యూరీ ఆమెకి 1 కోటీ 60 లక్షల డాలర్ల పరిహారం చెప్పింది. ఈలోగానే, 2020లోనే, ప్రమాద స్థలానికి వెళ్లిన సిబ్బంది తమ పనికి అవసరం లేకుండా మృతదేహాల ఫొటోలు తీయడాన్ని నేరం చేస్తూ కాలిఫోర్నియా చట్టం తెచ్చింది. అదే ఏడాది నవంబర్ 25న డియెగో మారడోనా 60 ఏళ్లకి పోయినప్పుడు, తెరిచి ఉన్న శవపేటిక పక్కన నిలబడి అంత్యక్రియల సంస్థ మనుషులే ఫొటో దిగారు. ఉద్యోగాలు పోయాయి, దేశమంతా మండిపడింది. కానీ మండిపడ్డవాళ్లలో ఎంతమంది ఆ ఫొటో చూడకుండా ఉన్నారు? ఇది ఇంటర్నెట్ తెచ్చిన రోగమని అనడం కూడా కుదరదు. 1926లో రుడాల్ఫ్ వాలెంటినో అనే మూకీ సినిమాల హీరో 31 ఏళ్లకి పోతే, దేహాన్ని చూడటానికి న్యూయార్క్‌లో ఎగబడ్డ జనం ఆ భవనం కిటికీ అద్దాలు పగలగొట్టుకుని లోపలికి తోసుకున్నారు. చూసే హక్కు తమకుందని వాళ్లూ అనుకున్నారు.

ఫొటోల కంటే దారుణం ఇంకోటుంది. దుఃఖం తట్టుకోలేక ఒక దోషిని వెతుక్కోవడం. సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ 2020 జూన్ 14న చనిపోయాడు, వయసు 34. ఆ బాధ ఎంత నిజమో నాకు తెలుసు, లాక్‌డౌన్‌లో ఇళ్లలో ఇరుక్కుపోయిన ఎంతోమంది కుర్రాళ్లకి అతను తమలాంటి వాడే, బయటి నుంచి వచ్చి పైకెదిగినవాడు. కానీ ఆ బాధ కొన్ని వారాల్లోనే అతని స్నేహితురాలి మీద వేటగా మారింది. టీవీ చర్చల్లో రోజూ ఆమెని హంతకురాలన్నారు, ఆమె ఇంటి దగ్గర కెమెరాలు మీద పడ్డాయి, డ్రగ్స్ కేసులో ఆమె దాదాపు నెలరోజులు జైల్లో ఉంది. అదే ఏడాది ఎయిమ్స్ డాక్టర్ల బృందం హత్య కాదని తేల్చింది. సీబీఐ 2025 మార్చిలో కేసు మూసేస్తూ నివేదిక ఇచ్చింది. మధ్యలో పోయిన ఆ అమ్మాయి బతుకులోని ఏళ్లు ఎవరు తిరిగిస్తారు? అన్నవాళ్లందరూ ప్రేమతోనే అన్నారు. ప్రేమతో అన్నంత మాత్రాన మాఫీ కాదు.

హాలీవుడ్ నటుడు చాడ్విక్ బోస్‌మన్‌కి 2016లో పెద్దపేగు క్యాన్సర్ ఉందని తేలింది. బయటికి చెప్పలేదు, సర్జరీల మధ్య, కీమోథెరపీ మధ్య సినిమాలు చేస్తూ పోయాడు. 2020లో సన్నబడ్డ అతని వీడియో చూసి జనం వెక్కిరించారు, ఏమైందో చెప్పమని నిలదీశారు. ఆగస్టు 28న 43 ఏళ్లకి పోయాడు. అభిమానులకి ముందే చెప్పి ఉండాల్సింది అన్నవాళ్లని నేను చూశాను. ఎందుకు చెప్పాలి? అతను మనకి తన పని ఇచ్చాడు, ఒంటి మీద రిపోర్టులు ఇస్తానని మాట ఇవ్వలేదు కదా.

ఇలాగే ఉండాలన్న రూలు లేదని చూపించిన సందర్భం కూడా ఉంది. 1980 డిసెంబర్ 8న బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్‌ని కాల్చి చంపాక ఆయన భార్య యోకో ఓనో అంత్యక్రియల కార్యక్రమం ఉండదని చెప్పేసింది. దానికి బదులు 14వ తేదీన ఎక్కడివాళ్లు అక్కడే ఉండి పది నిమిషాలు మౌనం పాటించమని అడిగింది. న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో చేరిన అంత జనమూ ఆ పది నిమిషాలు నోరు మెదపలేదు, ఎన్నో రేడియో స్టేషన్లు ప్రసారం ఆపేశాయి. ఇంట్లోవాళ్లు ఏం కావాలో చెప్పారు, బయటివాళ్లు అది చేశారు. ఇందులో అభిమానుల దుఃఖం ఏమైనా తక్కువైందా?

ఆన్‌లైన్‌లో పెట్టే సంతాపాల గురించి నేను చాలామంది కంటే మెత్తగా ఉంటాను. వార్త వచ్చిన కాసేపటికే ఫొటో, రెండు లైన్లు, ఒక పాట లింకు పెడితే అది షో అని విసుక్కునేవాళ్లున్నారు. ఉన్నారు, షో చేసేవాళ్లూ ఉన్నారు. కానీ మిగతావాళ్లు ఆ దుఃఖాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? మన ఇంట్లో మనిషి పోతే పలకరించడానికి నలుగురు వస్తారు, ఆఫీసులో సెలవిస్తారు, ఎన్ని రోజులు బాధపడాలో కూడా పద్ధతులున్నాయి. ఒక ఆటగాడు పోతే ఇవేవీ ఉండవు, మధ్యాహ్నం మీటింగ్‌కి మామూలుగా కూర్చోవాలి. సమాజం గుర్తించని దుఃఖం లోపలే ఉండిపోయి ఇంకా బరువెక్కుతుందని కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు 1980ల్లోనే చెప్పాడు. ఆ రెండు లైన్ల పోస్టుకి చాలాసార్లు ఉన్న అర్థం ఒక్కటే: ఇంకెవరికైనా ఇలాగే ఉందా? ఉందని నలుగురు అంటే చాలు, మనిషి తేరుకుంటాడు. వెక్కిరిస్తే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

ఒక్క సందర్భంలో మాత్రం పోస్టు రాసేముందు ఆగాలి, ఆత్మహత్యల విషయంలో. 2014 ఆగస్టులో హాలీవుడ్ నటుడు రాబిన్ విలియమ్స్ ఆత్మహత్యతో పోయాక వచ్చిన కొన్ని నెలల్లో అమెరికాలో ఆత్మహత్యలు మామూలుగా ఊహించేదాని కంటే దాదాపు 10 శాతం ఎక్కువయ్యాయని తర్వాత పరిశోధకులు లెక్క తేల్చారు. ఎలా చనిపోయారన్న వివరాలు పంచడం, "ఇప్పుడు ప్రశాంతంగా ఉన్నారు" లాంటి మాటలు రాయడం, అప్పటికే అంచున ఉన్నవాళ్ల చెవిన వేరేలా పడతాయి. ఆ వార్త మీ లోపల ఏదో కదిపితే పోస్టు పెట్టి ఊరుకోకండి, నమ్మే మనిషికి ఫోన్ చేసి చెప్పండి, డాక్టరుని కలవండి.

ఒకే కుటుంబంలో ఇద్దరి మరణాలు నాకు తరచూ గుర్తొస్తాయి. కన్నడ నటుడు రాజ్‌కుమార్ 2006 ఏప్రిల్ 12న పోయినప్పుడు బెంగళూరు తగలబడింది. బస్సులు కాల్చారు, రాళ్లు రువ్వారు, పోలీసులు కాల్పులు జరిపారు, ఒక కానిస్టేబుల్‌తో సహా కొందరు చనిపోయారు. ఆయన్ని ప్రేమించిన జనం వల్లే ఆయన అంతిమయాత్ర అలా అయింది. ఆయన కళ్లు దానం చేశారన్న సంగతి ఆ పొగలో ఎంతమందికి గుర్తుండి ఉంటుంది? పదిహేనేళ్ల తర్వాత, 2021 అక్టోబర్ 29న, చిన్నకొడుకు పునీత్ 46 ఏళ్లకే గుండెపోటుతో పోయాడు. అప్పుడూ దుఃఖం తక్కువేం కాదు, తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్న అభిమానులూ ఉన్నారు, ఆ ఇళ్ల గురించి తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. కానీ ఈసారి ఊరు తగలబడలేదు. శాంతంగా ఉండమని ఇంట్లోవాళ్లు అడిగారు, లక్షల జనం కంఠీరవ స్టేడియం దగ్గర వరుసల్లో నిలబడి చూసి వెళ్లారు. తండ్రిలాగే పునీత్ కళ్లు కూడా దానం చేశారు, వాటితో నలుగురికి చూపొచ్చింది. ఆ తర్వాతి రోజుల్లో నేత్రదానానికి పేర్లు రాయించుకోవడానికి జనం పెద్ద సంఖ్యలో వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది పునీత్‌ని ఒక్కసారి కూడా కలిసి ఉండరు.